98 చూసి మురిసిపోవద్దు: సీఓపీడీ రోగి పక్కన నర్సు వేయాల్సిన లెక్కలు

సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉన్న రోగి క్యాజువాలిటీకి వచ్చేసరికి వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 82 చూపిస్తుంటుంది. ఫేస్ మాస్క్ పెట్టి, ఆక్సిజన్ ఎంత పోవాలో కొలిచే ఫ్లోమీటర్‌ను నిమిషానికి 10 లీటర్లకు తిప్పుతారు. పావుగంటలో అంకె 98కి చేరుతుంది. ఎగశ్వాస నెమ్మదిస్తుంది, కళ్లు మూతలు పడతాయి. వెంట వచ్చినవాళ్లు "హమ్మయ్య, నిద్ర పట్టింది" అనుకుంటారు. కాసేపటికి బీపీ చూడ్డానికి వెళ్లి పిలిస్తే పలకడు. అది నిద్ర కాదు, రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ తెచ్చిన మత్తు.

సీఓపీడీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇలా జరగదు. ఎవరికి జరుగుతుందో మంచం పక్కన నిలబడి చెప్పడం మాత్రం కుదరదు. అందుకే రక్తంలో వాయువుల పరీక్ష, అంటే ఏబీజీ, వచ్చేదాకా అందరినీ ఆ ప్రమాదం ఉన్నవాళ్లుగానే చూడాలి. ఇంతకీ ఆక్సిజన్ ఎక్కువైతే ఎందుకు చేటు? దానికి ముందు ఆ ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చూడాలి.

చిక్కంతా వదిలే ఊపిరిలోనే

ఏళ్ల తరబడి పొగ తగిలిన శ్వాసనాళాలు వాచి, కఫంతో ఇరుకైపోతాయి. ఇంకోవైపు గాలి గదుల మధ్య గోడలు కరిగిపోయి ఊపిరితిత్తి సాగుడు గుణం కోల్పోతుంది. నాళాల్ని చుట్టూ లాగిపట్టి తెరిచి ఉంచేది ఆ గోడలే. అవి పోయాక ఊపిరి వదిలేటప్పుడు నాళాలు ముడుచుకుంటాయి. పీల్చుకున్న గాలి పూర్తిగా బయటికి రాదు. గొట్టంలోకి ఊదించి చూసే పరీక్ష స్పైరోమెట్రీలో పట్టుకునేది కూడా దీన్నే: నాళాలు తెరిచే మందు ఇచ్చాక కూడా, మొత్తం వదిలిన గాలిలో మొదటి సెకనులో వచ్చినది 0.70 వంతు కంటే తక్కువగా ఉంటే సీఓపీడీ అంటారు.

ఆర్టీసీ బస్సులో దిగాల్సినవాళ్లు దిగకపోతే ఎక్కేవాళ్లకు చోటుండదు. ఇక్కడా అంతే. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి జాగా లేదు. ఛాతీ ఉబ్బిపోయి, ఛాతీ అడుగున గొడుగులా వంగి ఉండాల్సిన ఊపిరి కండరం, డయాఫ్రం, బల్లపరుపుగా అయిపోతుంది. ఇక మెడ కండరాలు, భుజాలు ఊపిరి భారం మోయాలి.

నిమిషానికి 15 శ్వాసలు తీసే మనిషికి ఒక్కో శ్వాసకు 4 సెకన్లు ఉంటాయి. అందులో రెండున్నర సెకన్ల పైనే వదలడానికి మిగులుతాయి. శ్వాస 30కి చేరితే మొత్తం 2 సెకన్లే. వదలడానికి ఒక సెకను మిగిలితే ఎక్కువ. సీఓపీడీ రోగికి అది ఏ మూలకూ చాలదు. ప్రతి శ్వాసకూ కొంచెం గాలి లోపల మిగిలిపోతూ ఆయాసం పెరుగుతుంది. ఆయాసం భయం పుట్టిస్తుంది, భయం శ్వాసను ఇంకా పెంచుతుంది. ఈ సుడిని తెంచే పనులే నర్సింగ్‌లో సగం. భయం, జ్వరం, బాత్రూంకి పరుగు, నిండు కడుపు శ్వాసను తొందరపెడతాయి, కాబట్టి చేటు. వదిలే సమయాన్ని పెంచేది ఏదైనా మందే.

మొదట చేయాల్సింది కూర్చోబెట్టడం. మంచం తల వైపు ఎత్తి, ముందు కార్డియాక్ టేబుల్ పెట్టి దానిమీద రెండు దిండ్లు వేసి, మోచేతులు ఆన్చి ముందుకు వంగనివ్వాలి. చేతులకు ఆనిక దొరికితే మెడ, భుజాల కండరాలు ఊపిరికి పనిచేస్తాయి. గంటలకొద్దీ ఇలా కూర్చున్నవాళ్లకు మోచేతుల దగ్గర, పిరుదుల కింద చర్మం కమిలిపోతుంది. అది రెండుగంటలకోసారి చూడాలి. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి వదలడం నేర్పాలి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, దీపం ఆరిపోకుండా ఊగేంత మెల్లగా నాలుగు అంకెలు వదలాలి. పెదాల దగ్గర అడ్డు ఏర్పడి నాళాల లోపల కొంత ఒత్తిడి నిలుస్తుంది, అవి తొందరగా ముడుచుకోవు. "గట్టిగా ఊదు తాతా" అని తొందరపెడితే ఫలితం తిరగబడుతుంది. గట్టిగా ఊదితే ఆ నాళాలు ఇంకా ముందే మూసుకుంటాయి.

కేస్ హిస్టరీ రాసుకునేటప్పుడు ఒక మాట. మగవాళ్లను బీడీ, చుట్ట, సిగరెట్ గురించి అడుగుతాం, ఆడవాళ్ల దగ్గర ఆ గడి ఖాళీగా వదిలేస్తాం. కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్లు వండారో అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్యాస్ కనెక్షన్ల దీపం పథకం వచ్చింది 1999లో. ఇవాళ అరవై దాటిన పల్లెటూరి ఆడవాళ్లు అప్పటికే ఇరవై ఏళ్లు పొగ మింగి ఉంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు అయితే అడ్డచుట్ట, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, గురించి కూడా మొహమాటం లేకుండా అడగాలి. పాత టీబీ, పత్తి దుమ్ము, రాళ్ల క్వారీ పని కూడా రాసుకోవాల్సినవే.

ఆక్సిజన్‌కీ మోతాదు ఉంది

"సీఓపీడీ వాళ్లకు ఆక్సిజన్ ఎక్కువిస్తే ఊపిరి తీయాలన్న ప్రేరణ పోతుంది" అని నర్సింగ్ క్లాసుల్లో చెబుతూ వచ్చారు. అది మొత్తం కథలో చిన్న ముక్కే. పెద్ద కారణం వేరే ఉంది. ఊపిరితిత్తిలో గాలి సరిగా ఆడని భాగాలకు శరీరం రక్తాన్ని తగ్గించి, బాగున్న భాగాలకు మళ్లిస్తుంది. ఆక్సిజన్ కుమ్మరిస్తే ఆ పాడైన భాగాల్లో కూడా రక్తనాళాలు తెరుచుకుంటాయి. అక్కడికి వెళ్లిన రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను దించుకోకుండానే తిరిగొస్తుంది. ఇంకొకటి, హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్టేకొద్దీ అది మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. మామూలు మనిషి అయితే నాలుగు శ్వాసలు ఎక్కువ తీసి దాన్ని ఊదేస్తాడు. ఈ రోగికి అప్పటికే ఆ శక్తి అయిపోయింది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్స్ సిబ్బందితో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆయాసంతో ఉన్న 405 మందిలో కొందరికి మాస్క్‌తో ఎక్కువ ఆక్సిజన్, మిగతావాళ్లకు 88 నుంచి 92 మధ్య నిలిచేలా కొలిచి ఇచ్చారు. సీఓపీడీ ఖాయమైన రోగుల్లో, కొలిచి ఇచ్చిన వర్గంలో మరణాలు 78 శాతం తక్కువ. ఆసుపత్రికి చేరేలోపు ఇచ్చిన ఆక్సిజనే ఇంత తేడా తెచ్చిందంటే, వార్డులో రాత్రంతా ఎక్కువకు తిప్పి ఉంచిన ఫ్లోమీటర్ సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి లక్ష్యం 88–92. డాక్టర్ ఆర్డర్‌లో "ఓ2 ఎస్‌ఓఎస్", అంటే అవసరమైతే ఆక్సిజన్ ఇవ్వండి, అని మాత్రమే ఉంటే అడిగి లక్ష్యం రాయించుకోవాలి. కేస్ షీట్ మీదా, మంచం తల దగ్గరా కనపడేలా రాసిపెట్టాలి. నైట్ డ్యూటీకి వచ్చిన కొత్త సిస్టర్ 90 చూసి కంగారుపడి ఫ్లో పెంచకుండా ఆపేది ఆ కాగితమే.

ముక్కు రంధ్రాల్లో పెట్టే చిన్న గొట్టాలు, నాసల్ ప్రాంగ్స్‌తో నిమిషానికి 1 లీటరుకు సుమారు 24 శాతం, 2 లీటర్లకు 28 శాతం ఆక్సిజన్ అందుతుంది. ఇది అంచనా మాత్రమే. రోగి ఎంత వేగంగా, ఎంత లోతుగా పీలుస్తున్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. కచ్చితంగా ఇవ్వాలంటే ఆక్సిజన్‌లో బయటి గాలిని లెక్కగా కలిపే వెంచురీ మాస్క్ కావాలి. దాని వాల్వుల మీద శాతం, ఫ్లో రెండూ అచ్చువేసి ఉంటాయి: 24 శాతం వాల్వుకు సాధారణంగా 2 లీటర్లు, 28కి 4 లీటర్లు. రంగులు కంపెనీని బట్టి మారుతుంటాయి, రంగును నమ్మకుండా అంకె చదవాలి. వెంచురీ వాల్వు పక్కన ఉండే కంతలు దుప్పటి కిందికి పోతే గాలి కలవదు, లెక్క తప్పుతుంది. మామూలు ఫేస్ మాస్క్‌ను 5 లీటర్ల కంటే తక్కువకు పెట్టకూడదు. మాస్క్‌లో నిలిచిన తన గాలినే రోగి మళ్లీ పీల్చుకుంటాడు. తక్కువ ఆక్సిజన్ కావాల్సిన సీఓపీడీ రోగికి ఆ మాస్క్ పనికిరాకపోవడానికి ఇదే కారణం.

రెండు హెచ్చరికలు. సాచురేషన్ 70ల్లో ఉండి రోగి నీలంగా మారుతుంటే కార్బన్ డయాక్సైడ్ భయంతో ఆక్సిజన్ ఆపకూడదు. ఆక్సిజన్ లేమి నిమిషాల్లో చంపుతుంది. ముందు అంకెను పైకి తెచ్చి, వెంటనే 88–92కి దించుకోవాలి. అలాగే 98 ఉన్న రోగికి మాస్క్ ఒక్కసారిగా పీకేయకూడదు. పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అలాగే ఉండగా ఆక్సిజన్ తీసేస్తే సాచురేషన్ మొదటికంటే కిందికి పడిపోతుంది. మెట్టు మెట్టుగా దించాలి.

నెబులైజేషన్, అంటే మందును తుంపరగా మార్చి పీల్పించడం, దగ్గర ఈ జాగ్రత్త అంతా గాలికి పోతుంది. గోడకున్న ఆక్సిజన్ లైన్‌కు నెబ్యులైజర్ తగిలించి 6–8 లీటర్లు పెడతారు. పావుగంట, రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు. అంటే 88–92 అని రాసుకుని మరీ, రోజూ గంట నుంచి గంటన్నర ఆ గీత దాటిస్తున్నాం. కంప్రెసర్ మెషిన్‌తో, అంటే మామూలు గాలితో, నెబులైజ్ చేసి, అదే సమయంలో ముక్కుకు ప్రాంగ్స్‌తో 1–2 లీటర్లు కొనసాగించాలి. మెషిన్ లేక ఆక్సిజన్‌తోనే ఇవ్వాల్సి వస్తే 6 నిమిషాలకు ఆపేయాలి. మందులో ఎక్కువ భాగం అప్పటికే వెళ్లిపోతుంది. కప్పు అడుగున మిగిలిన చుక్క కోసం ఇంకో పది నిమిషాలు ఆక్సిజన్ ఇవ్వడం దండగ, చేటు కూడా.

ఆక్సీమీటర్ చెప్పనివి

ఆక్సీమీటర్‌కు కార్బన్ డయాక్సైడ్ కనపడదు. చల్లబడ్డ వేళ్లు, నెయిల్ పాలిష్ దాని అంకెను మారుస్తాయి. చర్మం బాగా నల్లగా ఉన్నవాళ్లలో అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. అందుకే కళ్లూ చేతులూ వాడాలి.

శ్వాస లెక్కను పూర్తి 60 సెకన్లు చూడాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తేడా నాలుగవుతుంది. అన్ని చార్టుల్లోనూ 20 అని నింపేయడం అందరం ఎరిగిన రోగమే. తలనొప్పి, ముఖ్యంగా పొద్దున్నే. చేతులు వెచ్చగా ఉండి నాడి బలంగా కొట్టుకోవడం. చేతులు ముందుకు చాపి మణికట్టు పైకి వంచి పట్టమంటే అవి తూలి కిందికి జారడం. పొంతన లేని మాటలు. పిలిస్తే మెల్లగా పలకడం. ఇవి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్న గుర్తులు. శ్వాస 34 నుంచి 16కి దిగి, రోగి మగతగా ఉంటే అది మెరుగు కాదు, అలసిపోయి చేతులెత్తేయడం. ఈ ఇద్దరు రోగుల్నీ, అంటే కుదుటపడ్డవాణ్నీ అలసిపోయినవాణ్నీ, వేరుచేసేది ఒకటే: లేపితే పూర్తిగా మెలకువ వచ్చి, పూర్తి వాక్యం మాట్లాడగలడా?

"రెండు రాత్రులుగా నిద్ర లేదు సిస్టర్, ఒక నిద్రమాత్ర ఇవ్వండి" అని కుటుంబం బతిమాలుతుంది. ఆ నిద్రలేమి, ఆ అల్లరి రెండూ కార్బన్ డయాక్సైడ్ వల్లే కావచ్చు. ఏబీజీ చూడకుండా అల్ప్రజోలం లాంటివి ఇస్తే ఊపిరే ఆగవచ్చు. ఇంట్లో వాడుతున్న నిద్రమాత్రలు దిండు కింద ఉన్నాయేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఏబీజీ తీసేముందు ఆ సమయానికి ఎంత ఆక్సిజన్ మీద ఉన్నాడో కాగితం మీద రాయాలి. అది లేని రిపోర్టు సగమే. ఆక్సిజన్ మార్చి ఉంటే అరగంట ఆగి తీయాలి. సిరంజిలో గాలి బుడగ ఉంటే వెంటనే తీసేయాలి. సూది తీశాక 5 నిమిషాలు, రక్తం పలచబడే మందుల మీద ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు, గట్టిగా అదిమి పట్టాలి. రక్తం ఆమ్లత చూపే పీహెచ్ 7.35 కంటే తక్కువ, కార్బన్ డయాక్సైడ్ 45 మి.మీ. కంటే ఎక్కువ అయితే బైపాప్‌కు, అంటే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రానికి, సిద్ధం కావాలి.

బైపాప్ మాస్క్ దగ్గర

బైపాప్ సరిగా పనిచేస్తే గొంతులోకి గొట్టం వేయాల్సిన అవసరం తప్పుతుంది. అది సరిగా పనిచేయడం చాలావరకు మాస్క్ పెట్టేవాళ్ల చేతిలో ఉంది. మాస్క్ అంటేనే ఊపిరాడదని రోగి భయం. ముందు పట్టీలు బిగించకుండా మాస్క్‌ను చేత్తో ముఖానికి ఆన్చి పట్టుకుని, గాలి ఎలా వస్తుందో అలవాటు చేయాలి. ఒత్తిళ్లు డాక్టర్ రాసినట్టే పెడతాం. తరచుగా పీల్చేటప్పుడు 10–12, వదిలేటప్పుడు 4–5 సెం.మీ. నీటి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, రోగి ఓర్చుకునేకొద్దీ పైదాన్ని మెట్టుమెట్టుగా పెంచుతారు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కొద్దిగా లీక్ ఉన్నా యంత్రం సర్దుకుంటుంది. కళ్లలోకి కొట్టే లీక్‌ను మాత్రం ఆపాలి. ముక్కు దూలం మీద మొదటి గంటలోనే మెత్తని డ్రెస్సింగ్ అంటించాలి. పుండు పడ్డాక అంటిస్తే మాస్క్ వేయించుకోడు.

తరచూ జరిగే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. ఒకే గొట్టం ఉన్న బైపాప్ మెషిన్‌లో వదిలిన గాలి పోవడానికి మాస్క్ మీదో, గొట్టం మీదో కంతలుండాలి. వెంటిలేటర్‌కు వాడే కంతల్లేని మాస్క్‌ను అందుబాటులో ఉందని దీనికి తగిలిస్తే, వదిలిన గాలి పోయే దారే ఉండదు, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. ఆ కంతలకు "లీక్ అవుతోంది" అని ప్లాస్టర్ వేసినా అంతే. మెషిన్ తిరుగుతున్నా రోగి దిగజారుతుంటే ముందు చూడాల్సింది అక్కడే.

గంట తర్వాత మళ్లీ ఏబీజీ. ఈలోగా పొట్ట ఉబ్బుతోందా, వాంతి వచ్చేలా ఉందా చూడాలి. నోరూ ముక్కూ కప్పే మాస్క్‌లో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. మాస్క్ తీయడం ఎలాగో, పట్టీ ఎక్కడ లాగితే ఊడుతుందో రోగికీ పక్కనున్నవాళ్లకూ చూపించాలి. ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీ నొప్పి, ఆ వైపు గాలి చప్పుడు వినపడకపోవడం, సాచురేషన్ పడిపోవడం కనిపిస్తే ఊపిరితిత్తికి చిల్లు పడిందేమో అని వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

మందులు, కఫం, భోజనం

నాళాలు తెరిచే మందు సాల్బుటమాల్ వరసగా ఇస్తున్నప్పుడు గుండెదడ, చేతి వణుకు మామూలే. పొటాషియం పడిపోవడమే దాగి ఉండే ప్రమాదం. స్టెరాయిడ్, కాళ్ల వాపుకు ఫ్రూసెమైడ్ కూడా తోడైతే మూడూ పొటాషియాన్ని దించేవే. నాళాలు తెరిచే ఇంకో మందు ఇప్రాట్రోపియం మాస్క్ సందుల్లోంచి కళ్లలో పడితే గ్లకోమా ఉన్నవాళ్లకు కంటి ఒత్తిడి పెరుగుతుంది, మౌత్‌పీస్ మేలు. ప్రొస్టేట్ వాపు ఉన్న పెద్దవాళ్లకు మూత్రం ఆగిందేమో కనుక్కోవాలి. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసోలోన్ సాధారణంగా రోజుకు 40 మి.గ్రా., 5 రోజులు. షుగర్ లేనివాళ్లకు కూడా ఆ రోజుల్లో షుగర్ చూడాలి.

కఫం రంగు, చిక్కదనం, ఎంత పడుతోందో ప్రతి షిఫ్టులో రాయాలి. తెల్లగా ఉన్నది పచ్చగా, చిక్కగా మారితే, ఎక్కువైతే యాంటీబయాటిక్ ఆలోచిస్తారు. గట్టిగా వరసబెట్టి దగ్గించడం కంటే, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని రెండుమూడుసార్లు వదిలి, తర్వాత ఒక్క దగ్గు దగ్గితే కఫం తేలిగ్గా వస్తుంది, నాళాలూ ముడుచుకోవు.

పెరుగు, అరటిపండు కఫం చేస్తాయని చాలా ఇళ్లలో మాన్పిస్తారు. దానికి గట్టి ఆధారం లేదు. ఈ రోగులకు ఊపిరి తీయడానికే బోలెడు శక్తి ఖర్చవుతుంది, చిక్కిపోతే ఊపిరి కండరాలు కూడా చిక్కిపోతాయి. రోజుకు మూడుసార్లు కంచం నిండా అన్నం కాదు, ఐదారుసార్లు కొంచెం కొంచెం: గుడ్డు, ముద్దపప్పు, పెరుగన్నం, పల్లీ ఉండ. తినేముందు అరగంట విశ్రాంతి ఇచ్చి, తినేటప్పుడు మాస్క్ తీసి ప్రాంగ్స్ పెట్టాలి. అసలు ఆక్సిజన్ లేకుండా తినమంటే నాలుగు ముద్దలకే సాచురేషన్ పడి, కంచం పక్కన పెట్టేస్తాడు. "ఆకలి లేదట" అని మనం రాస్తాం.

ఇంటికి పంపేముందు

ఇన్హేలర్ ఎలా వాడాలో చెప్పడం చాలదు, చేసి చూపించమనాలి. స్ప్రే ఇన్హేలర్ అయితే ఊపి, ఊపిరి వదిలేసి, మెల్లగా 3–5 సెకన్లు పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు బిగపట్టాలి. పొడి మందు ఉండే రోటాక్యాప్ అయితే దీనికి పూర్తిగా వ్యతిరేకం, వేగంగా, బలంగా పీల్చాలి. రెండూ రాసి ఇచ్చిన రోగి రెండింటినీ ఒకేలా వాడుతుంటాడు. రోటాక్యాప్‌ను మామూలు క్యాప్సూల్ అనుకుని నీళ్లతో మింగేవాళ్లూ ఉన్నారు. బలంగా పీల్చలేనివాళ్లకు స్ప్రే, దానికి తగిలించే డబ్బా లాంటి స్పేసర్ మేలని డాక్టర్‌కు గుర్తుచేయాలి. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే లోపల ఏర్పడే స్థిర విద్యుత్ మందును గోడలకు అంటించేస్తుంది. స్టెరాయిడ్ ఉన్నదైతే ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి.

ఇంట్లో ఆక్సిజన్ అందరికీ అవసరం లేదు. నిలకడగా ఉన్నప్పుడు ఏబీజీలో ఆక్సిజన్ 55 మి.మీ. లేదా తక్కువ, లేదంటే సాచురేషన్ 88 లేదా తక్కువ ఉన్నవాళ్లకు ఆయుష్షు పెంచుతుందని 1980, 1981ల్లో వచ్చిన రెండు అధ్యయనాలు చూపించాయి. అదీ రోజుకు కనీసం 15 గంటలు వాడితేనే. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకుని తీసేస్తే ఆ లాభం రాదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ యంత్రం ఫిల్టర్ వారానికోసారి కడగాలి, యంత్రాన్ని గోడకు ఆనించి పెట్టకూడదు. ఆక్సిజన్‌కు తేమ కలిపే హ్యూమిడిఫైయర్ బాటిల్‌లో బుడగలు రాకపోతే మూత వదులైనట్టే, ఆక్సిజన్ ముక్కుదాకా చేరడం లేదు. కరెంటు పోతే? 1500 లీటర్లు పట్టే బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. సిలిండర్ తెరిచే తాళం ఎక్కడుందో, రెగ్యులేటర్ ఎలా తిప్పాలో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ముక్కు ఎండిపోతోందని కొబ్బరినూనె, వాజలీన్ రాయకూడదు, ఆక్సిజన్ సమక్షంలో నూనెలు భగ్గున అంటుకుంటాయి. నీటి ఆధారిత జెల్ వాడాలి. దేవుడి దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఉన్నచోట ఆ గొట్టం ఉండకూడదు. బీడీ మానని మనిషి ఆక్సిజన్ పెట్టుకునే కాలిస్తే ముఖం కాలుతుంది. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా కాన్సన్‌ట్రేటర్ ఇంటికి పంపకూడదు. డిశ్చార్జ్ కాగితం మీద లక్ష్యం 88–92 అనీ, ఫ్లో ఎంతో అనీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, 108 వాళ్లకు కూడా అదే కాగితం చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పాలి.